కదిలే త్రిభుజం.. కరిగే భయం

గణిత బోధనకు అంతర్జాలంలో ఉచిత వనరులు
వాడుకునే తీరులోనే ఉంది అసలు ఫలితం

ఆరో తరగతి వరకు హుషారుగా లెక్కలు చేసిన పిల్లలు ఎనిమిదికి వచ్చేసరికి వెనుక బెంచీకి జరుగుతారు. తొమ్మిదిలో సిద్ధాంతాలను బట్టీ పడతారు. పదో తరగతిలో పాస్ మార్కుల కోసం ముఖ్యమైన ప్రశ్నల జాబితా వెతుక్కుంటారు. ఆపై చదువు ఎంచుకునే వేళ గణితం లేని దారి ఎటుందా అని చూస్తారు. ఇంజినీరింగ్, గణాంక శాస్త్రం, వాణిజ్యం, కంప్యూటర్ కోర్సుల తలుపులు ఆ ఒక్క భయంతోనే మూసుకుపోతున్నాయి. ఈ భయాన్ని తగ్గించగల సాధనాలు అంతర్జాలంలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. అయితే జవాబు చేతిలో పెట్టే సాధనాలు కొన్ని, ఆలోచింపజేసే సాధనాలు కొన్ని. ఆ తేడా గుర్తించడమే ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందున్న మొదటి పని.

నల్లబల్లపై ఆగిన బొమ్మ

త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. ఈ మాట ప్రపంచంలోని త్రిభుజాలన్నింటికీ వర్తిస్తుంది. కానీ నల్లబల్లపై మాస్టారు గీయగలిగేది ఒక్క త్రిభుజమే. అది కూడా సాధారణంగా భూమి అడ్డంగా, శీర్షం పైకి ఉన్న త్రిభుజం. దానినే చూసి చూసి అలవాటుపడిన విద్యార్థి, పరీక్షలో బొమ్మను తిప్పి ఇస్తే తెల్లబోతాడు. సిద్ధాంతం నోటికి వచ్చినా బొమ్మలో దాన్ని పోల్చుకోలేడు. పాఠ్యపుస్తకంలోని బొమ్మకూ ఇదే పరిమితి ఉంది. అచ్చులోని గీత కదలదు. గణిత సత్యం మాత్రం మారే బొమ్మల మధ్య మారకుండా నిలిచేది. మారేదేదో, మారనిదేదో కంటికి చూపించడమే కంప్యూటర్ తెర చేయగల గొప్ప సాయం.

జియోజీబ్రా: గీయండి.. లాగండి.. చూడండి

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో తన స్నాతకోత్తర పరిశోధనలో భాగంగా రూపొందించిన సాఫ్ట్‌వేర్ జియోజీబ్రా. జ్యామితి, బీజగణితం రెండింటినీ ఒకే తెరపై చూపడం దీని ప్రత్యేకత. తరగతి గది అవసరాలకు ఉచితం. కంప్యూటర్‌లో, సెల్‌ఫోన్‌లో పనిచేస్తుంది. ఒకసారి దింపుకొంటే ఆ తర్వాత ఇంటర్నెట్ లేకున్నా వాడుకోవచ్చు. నెట్ అందని పల్లె పాఠశాలలకు ఇది పెద్ద వెసులుబాటు.

దీనితో ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. ఏదో ఒక చతుర్భుజం గీయాలి. చక్కగా ఉండాల్సిన పనిలేదు, ఎంత వంకరగా ఉంటే అంత మంచిది. నాలుగు భుజాల మధ్యబిందువులను గుర్తించి వరుసగా కలపాలి. లోపల మరో చతుర్భుజం ఏర్పడుతుంది. అది సమాంతర చతుర్భుజంలా కనిపిస్తుంది. ఇప్పుడు బయటి బొమ్మలోని ఒక శీర్షాన్ని పట్టుకొని ఎటు కావాలంటే అటు లాగాలి. బయటి బొమ్మ ఎన్ని వంకరలు తిరిగినా లోపలిది సమాంతర చతుర్భుజంగానే ఉంటుంది.

పిల్లల నోట ‘ఎందుకు?’ అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. సమాధానం తొమ్మిదో తరగతి పాఠంలోనే ఉంది. బయటి చతుర్భుజానికి ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలవుతాయి. త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే రేఖ మూడో భుజానికి సమాంతరంగా, అందులో సగం పొడవుతో ఉంటుంది. అందువల్ల లోపలి బొమ్మలోని ఒక జత ఎదురు భుజాలు రెండూ ఆ కర్ణానికి సమాంతరంగా, అందులో సగంగా ఉంటాయి. ఒక జత ఎదురు భుజాలు సమానం, సమాంతరం అయితే అది సమాంతర చతుర్భుజమే. పుస్తకంలో పొడిగా కనిపించిన మధ్యబిందువు సిద్ధాంతం, కళ్లెదుట చూసిన వింతకు కారణం చెప్పగానే జీవం పోసుకుంటుంది.

తెరపై వందసార్లు లాగి చూసినంత మాత్రాన నిరూపణ అయినట్లు కాదన్న విషయం మాత్రం పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. తెర నమ్మకం కలిగిస్తుంది. నిరూపణ కారణం చెబుతుంది.

డెస్మాస్: సమీకరణానికి రూపం

‘వై = ఎం ఎక్స్ + సి’ అన్న సరళరేఖా సమీకరణం చాలామందికి అక్షరాల మూటగానే మిగిలిపోతుంది. 2011లో మొదలైన డెస్మాస్ గ్రాఫ్ సాధనం ఆ మూట విప్పుతుంది. సమీకరణం టైపు చేసిన వెంటనే గ్రాఫ్ తెరపై కనిపిస్తుంది. ఎం, సి విలువలను మార్చడానికి జారుడు మీట ఉంటుంది. ఎం మారితే రేఖ వాలు మారుతుంది. సి మారితే వాలు అలాగే ఉండి రేఖ పైకో కిందికో జరుగుతుంది.

దీన్ని ఆటో ఛార్జీతో ముడిపెట్టి చెప్పవచ్చు. ఎక్కగానే 30 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 15 రూపాయలు అనుకుందాం. అప్పుడు సి విలువ 30, ఎం విలువ 15. ఎక్కిన ఛార్జీ పెంచితే రేఖ మొత్తం పైకి జరుగుతుంది. కిలోమీటరు రేటు పెంచితే రేఖ నిటారుగా లేస్తుంది. రెండు ఆటోల రేట్లు రెండు రేఖలుగా గీస్తే, అవి ఖండించుకున్న చోట రెండింటి ఛార్జీ సమానం. పదో తరగతిలోని రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల జతకు అర్థం అదే.

పెద్ద తరగతుల వారికి ఇంకో సరదా ఉంది. వర్గ సమీకరణపు గ్రాఫ్ పరావలయం. అందులో మొదటి, చివరి సంఖ్యలను అలాగే ఉంచి మధ్య పదం గుణకాన్ని మాత్రమే మారుస్తూ పోతే పరావలయం అటూ ఇటూ ఊగుతుంది. దాని శీర్షం మాత్రం ఇష్టం వచ్చినట్లు తిరగదు. అది నడిచే దారి మరో పరావలయం. అదీ తలకిందులుగా ఉన్నది. ఆ దారి సమీకరణం ఏమిటో కనుక్కోమంటే ఇంటర్ విద్యార్థులకు ఒక గంటకు సరిపడే పని దొరుకుతుంది.

భిన్నాలకు ‘ఫెట్’

గణితంపై భయం చాలామందిలో భిన్నాల దగ్గరే నాటుకుంటుంది. సగానికి మూడో వంతు కలపమంటే లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి అయిదింట రెండు వంతులు అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. సగానికి ఏదైనా కలిపితే సగం కంటే ఎక్కువ రావాలి కదా, అయిదింట రెండు వంతులు సగం కంటే తక్కువ కదా అన్న ఆలోచన వారికి తట్టదు. భిన్నం వారికి ఒక పరిమాణంగా కనిపించకపోవడమే దీనికి కారణం. గీతకు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు అంకెలుగానే కనిపిస్తుంది.

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం నిర్వహిస్తున్న ఫెట్ ఈ లోటు తీరుస్తుంది. భౌతికశాస్త్రంలో 2001లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ వీమన్ 2002లో దీనికి శ్రీకారం చుట్టారు. మొదట భౌతికశాస్త్ర ప్రయోగాలతో ప్రారంభమై తర్వాత గణితానికీ విస్తరించింది. ఇందులో వృత్తాలను, పట్టీలను ముక్కలు చేసి భిన్నాలను నిర్మించవచ్చు. సంఖ్యారేఖపై వాటి స్థానం చూడవచ్చు. వైశాల్యం, చుట్టుకొలత తేడాను గళ్లు పేర్చి తెలుసుకోవచ్చు. కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. వీటినీ దింపుకొని నెట్ లేకుండా వాడుకునే వీలుంది.

అంకెల వరుసలకు నిఘంటువు

మాటకు అర్థం తెలియకపోతే నిఘంటువు చూస్తాం. అంకెల వరుస అంతుచిక్కకపోతే చూసేందుకూ ఒకటుంది. అదే ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇంటీజర్ సీక్వెన్సెస్. నీల్ స్లోన్ అనే గణితవేత్త 1964లో విద్యార్థిగా ఉన్నప్పుడు వరుసలను సేకరించడం ప్రారంభించారు. 1973లో వెలువడిన పుస్తకంలో 2,372 వరుసలు ఉండేవి. 1996లో అంతర్జాలంలోకి వచ్చింది. ఇప్పుడు మూడున్నర లక్షలకు పైగా వరుసలు ఇందులో ఉన్నాయి. నాలుగైదు సంఖ్యలు టైపు చేస్తే అవి ఏయే సందర్భాల్లో వస్తాయో చూపిస్తుంది.

దీన్ని తరగతిలో ఎలా వాడాలో ఒక ఉదాహరణ. వృత్తంపై బిందువులు పెట్టి, ప్రతి బిందువును మిగతా అన్నింటితో సరళరేఖలతో కలపాలి. వృత్తం లోపల ఎన్ని భాగాలయ్యాయో లెక్కించాలి. ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16 భాగాలు వస్తాయి. ఆరు బిందువులకు ఎన్ని? తరగతి అంతా ముక్తకంఠంతో 32 అంటుంది. గీసి లెక్కిస్తే 31 మాత్రమే వస్తాయి. బిందువులను సమాన దూరాల్లో పెడితే మూడు రేఖలు కేంద్రం వద్ద ఒకేచోట కలిసిపోయి 30 భాగాలే వస్తాయి. తప్పు లెక్కించామేమోనని పిల్లలు మళ్లీ మళ్లీ గీస్తారు. అప్పుడు 1, 2, 4, 8, 16, 31 అని ఈ నిఘంటువులో టైపు చేయించాలి. తర్వాతి సంఖ్యలు 57, 99 అని తేలుతుంది. నాలుగు మెట్లు సరిపోయినంత మాత్రాన అయిదో మెట్టు కూడా సరిపోతుందని నమ్మరాదన్న పాఠం ఉపన్యాసంతో కంటే ఈ ఒక్క బొమ్మతో బాగా నాటుకుంటుంది.

సాధనకు, సమస్యలకు

అభ్యాసం లేనిదే లెక్క రాదు. దీనికి పనికొచ్చే వాటిలో ఖాన్ అకాడమీ ముఖ్యమైనది. అమెరికాలో ఉంటున్న సల్మాన్ ఖాన్ 2004లో తన బంధువుల అమ్మాయికి దూరం నుంచి లెక్కలు చెప్పడంతో దీనికి బీజం పడింది. 2008లో లాభాపేక్ష లేని సంస్థగా మారింది. వీడియో పాఠంతో పాటు అభ్యాసాలు ఉంటాయి. తప్పు చేస్తే మెట్టు మెట్టుగా సూచనలు అందుతాయి. తొమ్మిదో తరగతి విద్యార్థి ఎవరి కంటా పడకుండా అయిదో తరగతి భాగహారానికి వెళ్లి నేర్చుకొని రావచ్చు. తరగతిలో చేయెత్తి అడగడానికి సిగ్గుపడే పిల్లలకు ఇది కొండంత అండ.

పాఠ్యపుస్తకానికి దగ్గరగా ఉండేది దీక్ష. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన ఈ వేదికకు రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ముద్రించారు. పాఠం పక్కనున్న కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే సంబంధిత వీడియో, అభ్యాసం తెరుచుకుంటాయి. తెలుగు మాధ్యమం పిల్లలకు మొదట చూపవలసింది ఇదే. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి పాఠ్యపుస్తకాలు కూడా ఉచితంగా దింపుకోవచ్చు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 1996 నుంచి నడుస్తున్న ఎన్‌రిచ్‌ది మరో దారి. ఇందులో పాఠాల కంటే సమస్యలకే పెద్దపీట. మొదలుపెట్టడం ఎవరికైనా తేలిక, చివరిదాకా వెళ్లాలంటే బుర్రకు పదును పెట్టాలి. ఉదాహరణకు వరుస సంఖ్యల మొత్తాలు. 9ని 4+5గా, 2+3+4గా రాయవచ్చు. 15ను మూడు విధాలుగా రాయవచ్చు. అలా రాయలేని సంఖ్యలేవి? నాలుగో తరగతి పిల్లలు కూడికలు చేసుకుంటూ 2, 4, 8, 16 దగ్గర ఆగిపోతారు. పదో తరగతి వారు దాని కారణం వెతుకుతారు. ఒకే ప్రశ్న రెండు తరగతులకూ పనికొస్తుంది.

ఉపాధ్యాయులకు ఊతం

లెక్క ఎలా చేయాలో కంటే ఎలా చెప్పాలో తెలుసుకోవడం కష్టం. ఆ వెలితి తీర్చే పత్రిక ‘ఎట్ రైట్ యాంగిల్స్’. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2012 నుంచి వెలువరిస్తోంది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో గల గణిత కేంద్రం దీని ఆరంభంలో భాగస్వామి కావడం తెలుగువారికి గర్వకారణం. సంచికలను ఉచితంగా చదువుకోవచ్చు.

కంప్యూటరే లేని బడికి అరవింద్ గుప్తా వెబ్‌సైట్ వరం. కాన్పూర్ ఐఐటీలో చదివిన ఆయన చెత్తబుట్టలో పడేసే వస్తువులతో బోధనోపకరణాలు చేయడం నేర్పుతారు. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయించడం ఆయన పద్ధతుల్లో ప్రసిద్ధమైనది. త్రిభుజం చేసి నొక్కితే బిగుసుకొని ఉంటుంది. చతురస్రం చేసి నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. పొలాల మధ్య నిలిచిన విద్యుత్ టవర్ల నిండా త్రిభుజాలే ఎందుకుంటాయో రెండు రూపాయల ఖర్చుతో తెలిసిపోతుంది. ఇక్కడ వెబ్‌సైట్ చూడాల్సింది ఉపాధ్యాయుడే. పిల్లల చేతికి అందేది వస్తువు.

గణితవేత్తల జీవితాలకు స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం నిర్వహించే మాక్‌ట్యూటర్ చూడవచ్చు. ఆర్యభట, బ్రహ్మగుప్త, భాస్కరాచార్య, రామానుజన్‌ల చరిత్రలు అందులో ఉన్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి గణాంక శాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి గడించి, 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన సి.ఆర్.రావు జీవితమూ ఉంది. రామానుజన్ జయంతి అయిన డిసెంబరు 22న ఏటా జాతీయ గణిత దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజు ఉపన్యాసాలకు బదులు ఈ జీవితాల్లో ఒకదాన్ని పిల్లలచేతనే తెలుగులో చెప్పిస్తే ప్రయోజనం ఎక్కువ.

జవాబు చెప్పేస్తే జాగ్రత్త

ఇవన్నీ ఒక ఎత్తు. ఫోన్‌తో లెక్కను ఫొటో తీస్తే చాలు, జవాబు మెట్లతో సహా ఇచ్చే యాప్‌లు మరో ఎత్తు. కృత్రిమ మేధతో నడిచే సంభాషణ సాధనాలు కూడా ఇప్పుడు అందరి చేతుల్లోకి వచ్చాయి. హోంవర్క్ నిమిషాల్లో పూర్తవుతుంది. నోటుపుస్తకం తప్పుల్లేకుండా కనిపిస్తుంది. పరీక్ష గదిలో మాత్రం చేతికి ఒక్క మెట్టూ రాదు. పిల్లవాడు వెనకబడ్డాడన్న సంగతి ఏడాది చివరి దాకా ఉపాధ్యాయుడికి గానీ, ఇంట్లో వారికి గానీ తెలియకపోవడమే ఇందులోని అసలు ప్రమాదం.

పైగా కృత్రిమ మేధ సాధనాలు తప్పు జవాబును కూడా తడబాటు లేకుండా చెప్పగలవు. అందువల్ల వచ్చిన జవాబును సరిచూసుకోవడం అలవాటు చేయాలి. ఒక సంఖ్య వర్గం నుంచి ఆ సంఖ్యకు 5 రెట్లు తీసివేసి 6 కలిపితే సున్న వస్తుంది, ఆ సంఖ్య ఏది అన్న ప్రశ్నకు 2, 3 అన్న జవాబు వచ్చిందనుకుందాం. 4లో నుంచి 10 తీసి 6 కలిపితే సున్న. 9లో నుంచి 15 తీసి 6 కలిపినా సున్న. జవాబు సరైనదే. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. ముందు సొంతంగా ప్రయత్నించి, ఎక్కడ ఆగిపోయామో ఆ ఒక్క మెట్టు కోసం మాత్రమే సాయం అడిగితే ఈ సాధనాలూ మేలే చేస్తాయి.

ఒక్క ఫోనున్నా చాలు

ఇన్ని వెబ్‌సైట్లు చూసి కంగారు పడనక్కర్లేదు. నెలకు ఒక సాధనం, వారానికి ఒక ప్రయోగం చాలు. తరగతికి ఒక్క కంప్యూటరో, మాస్టారి ఫోనో ఉన్నా పాఠం నడుస్తుంది. తెర చూపించే ముందు ‘ఏం జరుగుతుందో మీ పుస్తకంలో రాయండి’ అనాలి. తర్వాత తెరపై చూపాలి. ఆపై ‘ఎందుకలా జరిగింది?’ అని అడగాలి. ఊహ, పరిశీలన, కారణం.. ఈ మూడింటిలో మొదటిది వదిలేస్తే తెరపై బొమ్మ సినిమాగా మిగులుతుంది. చివరిది వదిలేస్తే గారడీ అవుతుంది.

భాష కూడా అడ్డంకే. వీటిలో అధికభాగం ఇంగ్లిషులో ఉన్నాయి. అయితే మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన శతాబ్దాల కిందటే తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. లెక్క చెప్పడానికి తెలుగు చాలదన్న మాటకు తావులేదు. తెరపై ఇంగ్లిషు మాట కనిపించినప్పుడు వ్యాసార్థం, కర్ణం, వాలు, చరరాశి అని పక్కనే బోర్డుపై రాస్తే రెండు మాధ్యమాల పిల్లలకూ మేలు.

చదువురాని తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. వారు లెక్క దిద్దనక్కర్లేదు. సాయంత్రం పిల్లల పక్కన కూర్చొని ‘ఈ జవాబు ఎలా వచ్చిందో నాకు చెప్పు’ అని అడిగితే చాలు. చెప్పగలిగితే లెక్క వచ్చినట్లే. తడబడితే ఆ సంగతి పరీక్షల్లో కాకుండా ఇంట్లోనే, సరిదిద్దుకునే సమయం ఉండగానే తెలుస్తుంది.